ఎముక వేసినోడు యాడ?

"ఈ మనిషి సాయంత్రం ఆరు దాటితే బతకడు."

ఆదోని బస్టాండులో చీరల మూటతో కూర్చున్న ఏజెంట్ రాధిక చెవి జుంకాలో చీఫ్ గొంతు పలికింది. ఆమె ఫోన్ తెరిచింది. తెర మీద ఎమ్మిగనూరు నేతగాడు లక్ష్మప్ప. పళ్ళు బిగించి, కళ్ళు ఉరిమి, నల్లని దేనినో విసరబోతున్నాడు.

"ఉగాది మరునాడు కైరుప్పలలో ఆచారంగా జరిగే పిడకల పోరులో ఎవరో తీసిన ఫొటో. విదేశీ ముఠా దాన్ని కత్తిరించింది. పిడక ఇప్పుడు రాయిలా కనిపిస్తుంది. 'పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు వీడే' అన్న క్యాప్షన్‌తో, ఇంటి చిరునామాతో, ఆరింటికి వేల ఫోన్లకు పంపుతారు. మూక కదులుతుంది. ఈ ఎత్తు ఇక్కడ పారితే దేశమంతా పారిస్తారు."

"సర్వర్ ఆపలేమా?"

"సముద్రాల అవతల ఉంది. మనకున్నది చందన ఒక్కతే."

ఆదోనిలో పెద్ద మీమ్ పేజీ చందనది. ముఠా దగ్గర జీతం తీసుకుంటుంది, ముఠా కబురు డిపార్ట్‌మెంటుకు అమ్ముతుంది. నల్ల కళ్ళద్దాలతో, ఎర్ర పెదవులతో జ్యూస్ షాపులో ఎదురుచూస్తోంది.

"అంచు నీలమా?" కోడ్ అడిగింది రాధిక.

"నీలం గాదక్కా, నెమలికంఠం."

"నమ్మవద్దని పోలీసు ప్రకటన ఇప్పిస్తాను."

చందన నవ్వింది. "అది ఎవురు సదువుతారక్కా? అబద్ధానికి ముందే నవ్వు పోవాల. ఒగసారి నవ్విన మొగాన్ని సూసి జనం భయపడరు. కాకపోతే మొదటి మాట నిజంది గావాల. అతికిస్తే పారదు."

రాధిక లక్ష్మప్పకు ఫోన్ చేసి, ముప్పు చెప్పి, అడిగింది: "ఆ ఫొటోలో ఎవరి మీద అంత కోపం అన్నా?"

"మా బామ్మర్ది మీదమ్మా! పెండ్లి బంతిలో వాళ్ళన్నకు కండ ఏసి నాకు ఎముక ఏసినాడు. పండగ దాకా కాచుకోని పిడకతో కొట్టినా!"

చందన వేళ్ళు పరుగెత్తాయి. అదే ఫొటో కింద ఒక్క మాట పెట్టి పేజీలో వదిలింది: 'ఎముక వేసినోడు యాడ?' ఆ వెంటే, ఎవరి మాట వాళ్ళు రాసుకునేందుకు ఖాళీ టెంప్లేట్.

ఆలూరు ఆటోవాడు రాసుకున్నాడు: 'చిల్లర లేదన్నోడు యాడ?' మగ్గాల వీధి రాసుకుంది: 'ఒక్క పోగే తెగిందన్నోడు యాడ?' బొమ్మ రాష్ట్ర సరిహద్దు దాటింది. బళ్ళారి నుంచి కన్నడ అక్షరాలు తొడుక్కొని తిరిగొచ్చింది.

చందన రెండో ఫోన్ మోగింది. ముఠా మెసేజ్: 'ఫొటో ముందే ఎలా బయటపడింది?'

రాధిక చేయి మూటలోని పిస్తోలు మీదికి జారింది. చందన ఏ పక్షం?

చందన టైప్ చేసింది: 'పబ్లిసిటీ సార్. ముఖం తెలిస్తేనే కదా మూక గుర్తుపట్టేది.'

జవాబు వచ్చింది: 'గుడ్.'

రాధిక ఎమ్మిగనూరు చేరేసరికి ఆరు కావస్తోంది. మగ్గాల వీధిలో ప్రతి జేబూ ఒక్కసారిగా మోగింది. విషం వదిలారు! సందు మొదట్లో బైకులు ఆగాయి. పదిమంది కుర్రాళ్ళు దిగారు. మగ్గం చప్పుడు ఆగిపోయింది. లక్ష్మప్ప గడపలోకి వచ్చి నిలబడ్డాడు. మూటలోని పిస్తోలు ట్రిగ్గర్ మీద రాధిక వేలు బిగించింది.

ముందున్నవాడు ఫోన్ ఎత్తి చూపాడు. "లక్ష్మప్పన్నా! నువ్వు పిల్లల దొంగంట గదా?"

వాడు తెర వంక మళ్ళీ చూసి పెదవి విరిచాడు.

"ఇది ఎవుడు సేసినాడో గానీ, బాగలేదన్నా. ఎముకదే బాగుండాది. ఒగ సెల్ఫీ!"

వీధి పగలబడి నవ్వింది. రాధిక వేలు మెల్లగా సడలింది.

"మిషన్ సక్సెస్ సార్."

"నష్టం?" అడిగాడు చీఫ్.

లక్ష్మప్ప ఫోన్‌ను చెవికి జానెడు దూరం పెట్టుకొని వింటున్నాడు. అవతల అతని బామ్మర్ది అరుపులు వీధి చివరికి వినిపిస్తున్నాయి.

"ప్రస్తుతానికి లేదు సార్. వచ్చే ఉగాదికి మాత్రం కైరుప్పలలో బందోబస్తు పెంచండి."