పన్నెండు వరుసల గోడౌన్

"ఇంకా తిరుగుతూనే ఉందా?" స్పీకర్‌ఫోన్‌లో బాస్ అరిచాడు.

స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంది. మూడు వందల షాపుల్లో ఏ మందు ఎక్కడుందో రెండు సెకన్లలో వెతికిపెట్టే మా సిస్టమ్, పొద్దుట్నుంచీ నాలుగు నిమిషాలు తీసుకుంటోంది. కౌంటర్ల దగ్గర జనం బారులు తీరారు.

"నిన్న కొత్త గోడౌన్‌ని సెర్చ్‌లో కలిపింది ఆ కొత్తమ్మాయే కదా? ఐదింటికల్లా కారణం తేలకపోతే రేపట్నుంచి ఆమె రానక్కర్లేదు!"

పక్క కుర్చీలో కొత్తమ్మాయి పెదవి కొరుక్కుంది. కిటికీలోంచి వచ్చిన ఎండ ఆమె ముంగురుల్లో చిక్కుకుని, బయటికి దారి తెలిసినా వెళ్ళనట్టు అక్కడే ఉండిపోయింది.

"స్క్రీన్ చూడండి," అంది.

"అదే చూస్తున్నా."

"స్క్రీన్ అటుంది, మహానుభావా!"

అటు తిరిగాను. ఏ సర్వర్‌ని ముందు వెతకాలో నిర్ణయించే ఆప్టిమైజర్, ఎక్కడ ఎంత సరుకుందో చెప్పే లెక్కల్ని గుడ్డిగా నమ్ముతుంది. కొత్త గోడౌన్‌లో పన్నెండు వరుసలే, అంటే పన్నెండు సరుకుల వివరాలే, ఉన్నాయని దాని నమ్మకం. ఉన్నవి రెండు కోట్లు! చిన్నదే కదా అని ప్రతిసారీ మొత్తం మోసుకొస్తోంది.

"మీ కోడ్ తప్పు లేదండీ! రోజూ దానంతటదే లెక్క తీసే జాబ్‌ని ఎవరో ఆపేశారు. ఎప్పుడంటే..."

తేదీ చూశాను. పోయిన వారం, వాన పడ్డ రోజు.

ఆ సాయంత్రం కొత్త గోడౌన్‌లో పన్నెండు వరుసలే నింపి చేస్తున్న తన టెస్ట్ నత్తనడక నడుస్తోందని, గంటసేపు ఆ జాబ్ ఆపమని ఆమే అడిగింది. ఆపాను. గంట తర్వాత వాన. ఒకే గొడుగు. నేను ఎడమ భుజం, ఆమె కుడి భుజం తడుపుకుంటూ బస్టాప్ దాకా మబ్బుల్లో నడిచినట్టు నడిచాం. మళ్ళీ మొదలుపెట్టాలన్న సంగతి ఆ నీళ్ళలోనే కొట్టుకుపోయింది. ఆ తర్వాత చేరిన రెండు కోట్లూ లెక్కకెక్కలేదు.

జాబ్ నడిపాను. చక్రం ఆగింది. రెండు సెకన్లు!

"శభాష్! ఇంతకీ ఆపిందెవరు?" బాస్ గొంతు.

"నేనడిగితేనేగా ఆపారు, నా పేరు చెప్పేస్తా," ఆమె గుసగుసలాడింది.

"నేనే సార్," అన్నాను గట్టిగా. "మళ్ళీ పెట్టడం మర్చిపోయిందీ నేనే."

"ఎనిమిదేళ్ళ అనుభవం! ఎలా మర్చిపోయావయ్యా?"

లైన్‌లో ముప్పైమంది వింటున్నారు.

"ఆ రోజు వానలో నా గొడుగు కింద ఈ అమ్మాయి ఉంది సార్. అప్పట్నుంచీ నాకింకేదీ గుర్తుండట్లేదు."

ఆమె మెల్లగా ఫోన్ దగ్గరకి జరిగింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఈయన్నేం అనకండి సార్. అసలు దోషిని నేనే. ఆ రోజు నా బ్యాగ్‌లోనూ గొడుగుంది."