గేటు దగ్గర చప్పుడు

2024 ఫిబ్రవరి 6, మంగళవారం, మధ్యాహ్నం. నౌపడ సమీపాన ఒక జీడిపప్పు కర్మాగారంలో, యజమాని జగన్నాధం గదిలో ఉన్నవారు: యజమాని, గేటు తనిఖీ చేసే ధనరాజ్, పప్పు ఏరే పద్మకుమారి, ప్రైవేటు డిటెక్టివ్ జగదీశ్వరి, ఆమె సహాయకుడు హరిచరణ్. దోషిని తేల్చేవేళ అందరినీ సమావేశపరచడం జగదీశ్వరి పద్ధతి. ఈసారి మాత్రం, విషయం ఇప్పటికే తెలిసినవారిని తప్ప మరొకరిని రానివ్వక తలుపు తానే మూసింది.

పద్మకుమారికి హెచ్.ఐ.వి. ఉంది. ముందురోజు శ్రీకాకుళంలోని జగదీశ్వరి ఆఫీసుకు వచ్చింది. "పని ఇష్టపడే మానుకుంటన్నానని సంతకం పెట్టమంటన్నారమ్మా. నా జబ్బు సంగతి నేనెవలికీ సెప్పలేదు," అంది. మాత్ర వేళయిందని నీళ్లడిగి, సంచిలోంచి డబ్బా తీసి, మూత కింద కుక్కిన దూదిని లాగి, మాత్ర వేసుకుని, దూదిని మళ్లీ కుక్కింది. మందుడబ్బాను అంత పదిలంగా మూసేవారిని హరిచరణ్ ఎన్నడూ చూడలేదు. అంతకు మించి ఆలోచించనూ లేదు.

ఈరోజు లోపలికి వస్తూ, గేటు దగ్గర పనివారి సంచులన్నీ ధనరాజ్ కుర్చీ వెనుక కొక్కేలకు వేలాడటం కూడా చూశాడు.

ఆమె జబ్బు సంగతి ఎలా తెలిసిందని జగదీశ్వరి అడిగితే ధనరాజ్ తడుముకోకుండా జవాబిచ్చాడు. శుక్రవారం సాయంత్రం ఆమె గేటు దాటుతుంటే సంచిలో మాత్రలు గలగలమన్నాయట. ఏమిటని అడిగితే జబ్బు పేరు ఆమే చెప్పిందట. "దాని నోటితో అదే సెప్పింది మేడమ్. నేనేటి సేసాను?"

జబ్బు పేరిట పనిలోంచి తీయడం చట్టవిరుద్ధమని జగదీశ్వరి గుర్తుచేసింది.

"తియ్యలేదు కదమ్మా. తనే మానుకుంటంది," అన్నాడు జగన్నాధం.

జగదీశ్వరి పద్మకుమారి సంచిని ధనరాజ్ చేతికిచ్చి ఊపమంది. ఊపాడు. మరింత గట్టిగా ఊపాడు. ఏమీ వినబడలేదు. హరిచరణ్‌కు దూది గుర్తుకొచ్చింది.

"డబ్బా నిండా దూది," అంది జగదీశ్వరి. "మీరు డబ్బాను చూశారు, మూత తీయలేదు. అందుకే గలగలమంటుందనుకున్నారు. ఆమె పనిలో ఉండగా కొక్కేనికున్న సంచి తెరిచి, మందు పేరు చదివారు."

"ఆరోజు దూది లేదేమో," అని గొణిగాడు ధనరాజ్.

పద్మకుమారి తొలిసారి అతనివైపు చూసింది. "ఇంట్లో నా కూతురికే ఇనపడనీలేదు బాబూ. గేటుకాడ ఇనపడనిత్తానా?"

పప్పు దాచిందేమోనని వెతికానని, మందు పేరు ఫోనులో చూసి భయపడి యజమానికి చెప్పానని, ఆమె లేనప్పుడు సంచి తెరిచినందుకు మాట పడతానని అబద్ధమాడానని ధనరాజ్ ఒప్పుకున్నాడు.

పద్మకుమారి అదే బల్ల దగ్గర పనిచేస్తుందనీ, ఈ మాట ఈ గది దాటదనీ జగదీశ్వరి అరకాగితం మీద రాసింది. జగన్నాధం చాలాసేపు చదివి సంతకం పెట్టాడు. తరువాత ధనరాజ్ పెట్టాడు.

"దాటదని నమ్మకమేటమ్మా?" అంది పద్మకుమారి.

జగదీశ్వరి కాగితాన్ని ఆమె చేతిలో పెట్టింది. "దాటితే ఈ కాగితంతో కోర్టుకెళదాం. నేనూ వస్తాను."

పద్మకుమారి కాగితాన్ని చిన్నగా మడిచి డబ్బాలో పెట్టింది. పైన దూది కుక్కి, మూత బిగించి, చెవి దగ్గర ఒకసారి ఊపి చూసుకుని, సంచిలో వేసుకుంది.