క్లియోఫెస్ కారు ఇంజిను నంబరు

నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై దాటాక. తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఈ కాస్తా రాయడానికే నెల పట్టింది, నా నిదానానికి ఏమీ అనుకోకండి.

ఒహైయో నుంచి ముక్కూమొహం తెలియని మనిషెవరో కారు ఇంజిను మీద చెక్కిన నంబరు ఫొటో పంపమన్నాడని, అది చూడగానే కారు రంగు ఖర్చంతా తనే ఇస్తానన్నాడని కూతురు బెర్నీస్ సంబరంగా చెప్పింది. రొట్టెల పిండి కలుపుతున్న యూఫేమియా చేతులు పిండిలోనే ఆగిపోయాయి...

గనిలో పాతికేళ్లు దుమ్ము మింగిన ఆమె భర్త క్లియోఫెస్ ఇప్పుడు ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో కిటికీ దగ్గరే కూర్చుంటున్నాడు. ఈ ఈస్టరు దాటడం కష్టమన్నాడు డాక్టరు. షెడ్డులో తుప్పుపడుతున్న తన పంతొమ్మిదివందల అరవై నాలుగు నాటి ఇంపాలా కారులో, పండగనాడు ఎస్పన్యోలా ఊరి వీధిలో అందరి కార్లతోపాటు ఒక్కసారి మెల్లగా తిరగాలని అతని ఆశ. అందుకే కూతురు ఆ కారు ఫొటోలు ఇంటర్నెట్‌లో పెట్టి, బాగుచేయించడానికి సాయం చేయమని పరాయివాళ్లను అడిగింది. ఇంజిను కూడా కారుతోపాటు పుట్టినదేనని రాసింది. తలుపు దగ్గరి రేకు మీదా, ఇంజిను మీదా ఒకే నంబరుంటే పాత కార్ల పిచ్చివాళ్లకు అదే బంగారం!

కానీ అది ఆ ఇంజిను కాదు. బెర్నీస్ ఎనిమిది నెలల పసిగుడ్డుగా ఉన్నప్పుడు గుండెలో రంధ్రమన్నారు. గని మూతపడి క్లియోఫెస్ పనికోసం వయోమింగ్ పోయి ఉన్నాడు. ఆపరేషను డబ్బుకోసం యూఫేమియా తన అన్నచేత అసలు ఇంజిను తీయించి అమ్మేసింది. తుక్కుకొట్లో దొరికినదాన్ని బిగించి, ముప్పై ఆరేళ్లు నోరు మూసుకుంది...

ఆమె చేతులైనా కడుక్కోకుండా వెళ్లి భర్త కాళ్ల దగ్గర కూర్చుంది.

"ముసలోడా, ఆ ఫొటో పంపొద్దని చెప్పు దానికి. ఆ ఇంజిను నీది కాదు. నీది నేనే అమ్ముకున్నాను."

క్లియోఫెస్ ఊపిరి కూడదీసుకున్నాడు. "వయోమింగ్ నుంచి వచ్చిన రోజే తెలుసు. తాళం తిప్పగానే తెలిసింది. నా కారు గొంతు నాకు తెలీదా?"

"మరి ఒక్క మాటైనా అడగలేదేం?"

"అడిగితే ఎందుకమ్మావో నువ్వు చెప్పాల్సొచ్చేది. ఆ ఎందుకు కాస్తా అప్పుడు ఉయ్యాల్లో నిద్రపోతోంది. లేపడం దేనికే, ముసలీ?"

యూఫేమియా అతని మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఇన్నేళ్లూ ఒంటరిగా మోశాననుకున్న బరువుకి రెండో కొస అతని భుజం మీదే ఉందా...

గుమ్మంలో నిలబడి అంతా విన్న బెర్నీస్ కళ్లు తుడుచుకుంది. రేకు ఫొటో ఒక్కటీ పంపేసి ఊరుకుందామంది. తండ్రి ఒప్పుకోలేదు.

"అబద్ధం మీద నడిచే కారు నేనెక్కను. ఉన్నదున్నట్టు రాయి."

రాసింది. ఒహైయో మనిషి మర్యాదగానే తప్పుకున్నాడు. ఇంకొందరు ఇచ్చింది వెనక్కి తీసుకున్నారు. మిగిలినవాళ్ల సాయం బ్రేకులకీ చక్రాలకీ సరిపోయింది గానీ రంగుదాకా రాలేదు.

ఈస్టరు మధ్యాహ్నం మెరిసే కార్ల వరసలో ఆ ఇంపాలా బూడిదరంగు అడుగుపూతతోనే కదిలింది. యూఫేమియా నడుపుతోంది, పక్కన క్లియోఫెస్, వెనక బెర్నీస్. సిగ్నలు దగ్గర కాలిబాట మీది కుర్రవాళ్లలో ఒకడు వంగి చూసి, "తాతా, ఇంజిను అసలుదేనా?" అని అడిగాడు.

క్లియోఫెస్ గొట్టం సర్దుకుని, బొటనవేలితో వెనక సీటు చూపించాడు.

"అసలుది అదుగో, వెనకాల కూచుంది."

ఎలోయిసా త్రుహీయో, డెబ్బై నాలుగేళ్లు, ప్రస్తుతం చిమాయోలో ఉంటున్నాను.