బల్లలో ఉన్న పేరు

గురువారం కాఫీ షాపుకి సెలవు. ఆ సంగతి సుమియె చేతులకి మాత్రం ఎప్పటికీ ఎక్కదు. ముప్పైరెండేళ్ల అలవాటు కొద్దీ ఆరింటికే లేచి ఇరవై గుడ్లు ఉడకేసింది. ఇచినోమియా ఊళ్లో పొద్దున పూట కాఫీ తాగేవాళ్లకి టోస్టూ గుడ్డూ ఊరికే పెట్టడం ఆనవాయితీ. సెలవు రోజున ఆ ఇరవై గుడ్లూ ఇంట్లోవాళ్లే తినాలి. మేడ మీద కొడుకు మొతోకి ఫొటో ముందు చిన్న గిన్నెలో వేడి అన్నం పెట్టి, దణ్ణం పెట్టుకుని ఆవిడ కిందికి దిగింది.

షాపులో భర్త తొకుజో మోకాళ్ల మీద కూర్చుని కిటికీ పక్కనున్న గేమ్ బల్ల అద్దం ఊడదీస్తున్నాడు. చేతులకి ఆవిడ గిన్నెలు తోముకునే గులాబీ రంగు రబ్బరు తొడుగులున్నాయి. అవెందుకని అడిగితే, రబ్బరులోంచి కరెంటు పాకదన్నాడు. బొటనవేలి దగ్గర చిరుగుందని ఆవిడ చెబితే విననట్టే ఇంకో స్క్రూ విప్పాడు.

అది పాతకాలపు వీడియో గేమ్ బల్ల. పైన అద్దం, దాని కింద తెర, ఎదురెదురుగా ఇద్దరు కూర్చుని ఆడుకునేలా అటూ ఇటూ మీటలు. పధ్నాలుగేళ్ల కిందట, పందొమ్మిదేళ్ల మొతోకి ఈ బల్ల మీద అందరినీ ఓడించి మొదటి స్థానంలో తన పేరు పెట్టుకున్నాడు. ఎం, ఓ, టి. మూడక్షరాలకే చోటుంటుంది. తర్వాతి వారం మోటార్ సైకిల్ మీద వెళ్లి తిరిగి రాలేదు.

ఆ మిషనుకి జ్ఞాపకం కరెంటున్నంతసేపే. ప్లగ్ తీస్తే అన్నీ మరిచిపోతుంది. అందుకే అంత్యక్రియల రోజు నుంచీ తొకుజో ఆ ప్లగ్ ముట్టుకోలేదు, ఇంకొకరిని ముట్టుకోనివ్వలేదు. ఎవరూ ఆడకుండా నాణేలు వేసే చోట టేపు అంటించాడు. గుడి నుంచి గురువు వచ్చి మంత్రాలు చదువుతుంటే ఆవులించే మనిషి, ఈ బల్ల ముందు మాత్రం నిటారుగా కూర్చునేవాడు.

సోమవారం ఆ తెర మీద బొమ్మ ఒక్క గీతలా కుంచించుకుపోయి ఆరిపోయింది. లోపల ఆట బోర్డు బతికే ఉంది, మీట నొక్కితే శబ్దం వస్తోంది. తొకుజో ఒసాకా నుంచి అలాంటిదే ఇంకో పాత మానిటర్ తెప్పించాడు. కానీ బుధవారం బిగించడానికొచ్చిన ముసలి మెకానిక్ హిరబయాషి లోపలికి తొంగి చూసి తల అడ్డంగా ఊపాడు. తెరకీ బోర్డుకీ కరెంటు ఒకే చోటు నుంచి వస్తోందట. ప్లగ్ తీయకుండా చెయ్యి పెడితే శవమై తేలడమేనట. తొకుజో నడుం వంచి బతిమాలాడు. ఆయనా అంతే వంగి క్షమించమని, సామాను సర్దుకుని వెళ్లిపోయాడు.

అందుకే ఈ గురువారం కరెంటుండగానే తొకుజో తనే తెర మార్చడానికి దిగాడు. కూతురు మినోరికి సుమియె ఫోన్ చేసింది. రెండు స్టేషన్ల అవతల పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే ఆ పిల్ల, డ్యూటీ మానుకుని అరగంటలో వచ్చింది. వస్తూనే తిన్నగా గోడ దగ్గరికెళ్లి ప్లగ్ మీద చెయ్యి వేసింది.

"ముట్టుకోకు మినోరీ." తొకుజో గొంతు పెంచకుండానే స్క్రూడ్రైవర్ బల్ల లోపలికి పెట్టాడు.

"నువ్వు ఆ చెయ్యి బయటికి తియ్యి నాన్నా. తమ్ముడు పోయాడు. నువ్వు కూడా పోతే ఈ షాపులో అమ్మా నేనూ ఏం చెయ్యాలి? నీ పేరు ఏ బల్లలో దాచుకోవాలి?"

"వాడిది మిగిలింది ఇదొక్కటే."

"నేను మిగల్లేదా?"

తొకుజో బల్లలోంచి చెయ్యి తీయలేదు. మినోరి ఏడుస్తూ ప్లగ్ పట్టుకుని అలాగే నిలబడింది. లాగితే తండ్రి జన్మలో క్షమించడని తెలుసు, లాగకపోతే ఏమవుతుందో కూడా తెలుసు.

అప్పుడు సుమియె ఎదుటి కుర్చీలో కూలబడి, "తీసెయ్యవే. అది మీ తమ్ముడిది కాదు," అంది.

ఆరేళ్లుగా దాచిన మాటని ఆవిడ తల దించుకుని చెప్పింది. తొకుజో కడుపులో రాళ్లకి ఆపరేషనై ఆసుపత్రిలో ఉన్నప్పుడు తుఫానొచ్చి ఊరంతా కరెంటు పోయింది. మళ్లీ వచ్చేసరికి తెర మీద మిషను తయారుచేసినప్పుడు ఫ్యాక్టరీవాళ్లు పెట్టిన పేర్లే ఉన్నాయి. మొదటి స్థానానికి ముప్పైవేల పాయింట్లు దాటాలి. ఆవిడ టేపు పీకి, మధ్యాహ్నాలు షాపు మూసేసి, ఒంటరిగా కూర్చుని ఆడింది. తొమ్మిదో రోజుకి దాటింది. మూడక్షరాలూ పెట్టి, కొత్త టేపు అంటించి, ఆయన్ని ఇంటికి తీసుకొచ్చింది.

"మిమ్మల్ని మోసం చేశాను. మళ్లీ ఆడి పెడదామంటే ఈ వేళ్లు ఇప్పుడు వంగనే వంగవు," అంది.

తొకుజో బల్లలోంచి చెయ్యి బయటికి తీశాడు.

"వాడిది ఎనభైనాలుగు వేల ఏడు వందల ఇరవై," అన్నాడు. "నేను ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ముప్పైఒక్క వేల నాలుగు వందలుంది. వచ్చిన రోజే చూశాను."

సుమియె తలెత్తింది. "తెలిసే ఇన్నాళ్లూ కాపలా కాశారా?"

"నీకు ఫోన్‌లో ఫొటో తీయడమే రాదు కదే. నువ్వొక్కదానివీ ఇక్కడ కూర్చుని ఎన్నిసార్లు ఓడిపోయుంటావు? నువ్వు పెట్టిన ఆ పేరూ పోతే నీకేం చెప్పను?"

తప్పు చేశానని ఆవిడా, తెలిసిందని తెలియకూడదని ఈయనా, ఒకే కప్పు కింద ఆరేళ్లు నోరు కట్టుకుని కూర్చున్నారు. మినోరికి ఇద్దరి మీదా కోపమొచ్చింది. ఇద్దర్నీ దగ్గరికి లాక్కోవాలనిపించింది. రెండూ చేయలేక ప్లగ్ మీంచి చెయ్యి తీసేసింది.

తొకుజో తొడుగులు విప్పి, లేచి వెళ్లి ప్లగ్ తనే తీశాడు. పధ్నాలుగేళ్లుగా వినీ వినీ వినబడడం మానేసిన సన్నని రొద ఆగిపోయింది. ముగ్గురూ దాన్ని అప్పుడే విన్నారు.

ఫోన్ చేస్తే హిరబయాషి మారుమాట లేకుండా వచ్చాడు. పాత తెరలో దాగిన కరెంటు తీసేసి, కొత్తది దింపి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం తీగలు ఒక్కొక్కటే కలిపాడు. ప్లగ్ పెడితే బొమ్మ నిండుగా వెలిగింది, తొకుజో కుర్చీ వైపు నుంచి మాత్రం తలకిందులుగా. మానిటర్ని అటుదిటు బిగించానని ఆ ముసలాయన చెవులు పట్టుకున్నంత పనిచేసి, పావుగంటలో తిప్పుతానన్నాడు.

"ఉండనివ్వండి," అన్నాడు తొకుజో.

బల్ల చుట్టూ నడిచి భార్య వైపు వెళ్లాడు. ఆవిడ పక్కకి జరిగింది. తెర మీద మొదటి స్థానాల పట్టిక వచ్చింది. ఐదు వరసలు, అన్నీ ఎవరివో. తొకుజో అద్దం మీద వేలు పెట్టి పైనుంచి కిందికి ఒక్కొక్క పేరూ చదివాడు. మళ్లీ పైకెళ్లి ఇంకోసారి చదివాడు.

"లేడు," అన్నాడు.

"లేడండీ," అంది సుమియె.

తొకుజో అద్దం మీద తల ఆన్చి ఏడ్చాడు. కొడుకు కోసం ఆయన పైకి ఏడవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.