నానమ్మ జిల్లా పేజీ

“నా పేజీకి బొక్క పెట్టిందెవరే?”

నానమ్మ బుల్లెమ్మ కేక వినపడేసరికి లిఖిత చేతిలో గమ్ డబ్బా ఉంది. ముందున్న చార్టు మీద అప్పుడే అతికించిన పులి ఉంది. చార్టు పేరు ‘మన అడవి’. సోమవారం స్కూల్లో చూపించాలి. ఇవాళ రెండో శనివారం, సెలవు.

పేరుకు లిఖితే గానీ ఆ పిల్లకు రాతకన్నా కోతంటేనే ఇష్టం. కత్తెర దొరికితే గోడ మీద క్యాలెండర్ కూడా మిగలదు.

“నేనే నానమ్మా, పులి బొమ్మ కోసం,” అంది పులిలాగే.

“నేను చదవకముందే కోసినవా?”

“నువ్వు చదివేదేంది? అన్నీ చచ్చిపోయినోళ్ల వార్తలే! ఒక్కరోజు చదవకపోతే ఏమైతది?”

ఆ మాట నిజమే. భద్రాచలం బస్సులో పేపరు వచ్చేసరికి ఎండెక్కుతుంది. ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో నానమ్మకు పట్టదు. నేరుగా జిల్లా పేజీ తీస్తుంది. కింద మూలల్లో ఉండే చిన్న చిన్న వార్తల దగ్గర వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుతుంది. ఆమెకు జిల్లా పేజీ అంటే రోజూ గుండె ఝల్లుమనే పేజీ. లిఖిత అది గమనించలేదు. కొందరికి టీ ఎలాగో, నానమ్మకు అదలాగ అనుకుంది.

నానమ్మ ఇంకేమీ తిట్టలేదు. పేజీకి పడిన బొక్కలో వేలు పెట్టి చూసింది.

“ఆ పులి వెనకాల ఏముందో చూడవే.”

లిఖిత పులిని పీకింది. గమ్ అప్పటికే గట్టిగా పట్టేసింది. కాగితం పొరలు పొరలుగా చిరిగింది. చేతికొచ్చిన ముక్క వెనక కొన్ని మాటలే మిగిలాయి.

“గోదావరి ఒడ్డున గుర్తు తెలియని మృతదేహం... వయసు నలభై లోపు... ఎడమ చేతిపై...”

మిగతాదంతా చార్టుకే అంటుకుపోయింది.

“ఎడమ చేతి మీద ఏమున్నదంట?” నానమ్మ ఆ ముక్క మీదికి వంగింది. “చెప్పవే, ఏమున్నదంట?”

పులిలా మాట్లాడిన పిల్ల పిల్లి అయిపోయింది.

మిర్చి చేను నుంచి అప్పుడే వచ్చిన నాన్న మురళీకృష్ణ అంతా చూశాడు. లిఖితను పక్కకు తీసుకెళ్లాడు.

“మీ ఉదయ్ బాబాయి, నువ్వు పాకేటప్పుడు వరదలో పోయిండు బిడ్డా. గోదారి పెరుగుతుందని, ఒడ్డున ఉన్న మోటారు విప్పుకొద్దామని దిగిండు. మోటారు దొరికింది. వాడు దొరకలే. దినాలు కూడా చెయ్యనియ్యలే మీ నానమ్మ.”

“అయితే బాబాయి కోసం పేపర్లో వెతుకుతదా?”

“కాదు. పేపర్లో రావొద్దని చదువుతది. రాకపోతే, ఆ రోజుకు వాడు ఎక్కడో ఉన్నట్టే ఆమెకు.”

“నాన్నా, బాబాయి ఎడమ చేతి మీద...”

“తేలు పచ్చబొట్టు.”

లిఖిత చెప్పులు కూడా వేసుకోలేదు. బస్టాపు దగ్గర పోతయ్య హోటల్‌దాకా పరుగెత్తింది. అక్కడికీ అదే పేపరు వస్తుంది. పోతయ్య బజ్జీలు కట్టడానికి పాత పేపర్లు చింపుతున్నాడు.

“తాతా, ఇయ్యాల్టిది చింపినవా?”

“లేదు, గల్లా పక్కన ఉన్నది. ఏందే, గట్ల రొప్పుతున్నవ్?”

పులి బొమ్మ ఉన్న పేజీ తిప్పింది. అక్షరాల కింద వేలు పెట్టింది.

“ఎడమ చేతిపై ‘భవాని’ అనే పచ్చబొట్టు ఉంది.”

హమ్మయ్య అనుకుంది. మళ్లీ ఆ పేరు చదివింది. అమ్మా? చెల్లెలా? తనంత కూతురా? ఆ తర్వాత హమ్మయ్య అనుకోబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చి చెప్పింది. “తేలు కాదు నానమ్మా. భవాని అని పేరున్నదంట.”

నానమ్మ కళ్లు మూసుకుంది. “ఆ భవాని ఎవరో! ఎంతగనం ఎదురుచూస్తుందో!”

ఆదివారం పేపరు మొదటి పేజీలో పెద్ద ఏనుగు బొమ్మ వచ్చింది. చార్టు మీద పులి ఉండాల్సిన చోట ఇంకా చిరిగిన కాగితం పొరలే ఉన్నాయి. లిఖిత ఏనుగును చూసింది. కత్తెర తీయలేదు. జిల్లా పేజీ తీసుకుని నానమ్మ పక్కన కూర్చుంది.

“నేను చదువుతా, నువ్వు విను.”

“మెల్లగ చదువు. ఒక్క ముక్క ఇడిచిపెట్టకు.”

“బావిలో పడి రైతు మృతి. వయసు అరవై.”

ఆగి, నానమ్మ ముఖం చూసింది.

“ఊఁ.”

“లారీ ఢీకొని యువకుడి మృతి. వయసు ఇరవై రెండు.”

“అయ్యో. ఊఁ.”

“అయిపోయినయి నానమ్మా. బాబాయి రాలే.”

“వెనక పేజీ?”

లిఖిత తిప్పింది.