మెట్ల మలుపు దగ్గర కట్ అవని కాల్

మొదట్లో నా చేతిలో ఉన్నవి: ఒక అద్దె షాపు, ఎవరికైనా ఏదైనా అమ్మగల నోరు, నాలుగంతస్తుల ఆసుపత్రికి కార్డ్‌లెస్ ఫోన్లు పెట్టే ఆర్డరు. ఆ మూడోది చేజారేలా ఉంది.

"నర్సు మెట్లెక్కితే చాలు, ఫోన్ చచ్చిపోతోంది," అన్నారు పెద్ద సిస్టర్. "మా అక్క కూతురు వచ్చి చూస్తుంది, తనది రేడియో పనే. తను లాభం లేదంటే మీ డబ్బాలు మీరు పట్టుకుపోండి."

అక్క కూతురు నిచ్చెనతో సహా దిగింది. ఫోన్లకి సిగ్నల్ అందించడానికి నేను గోడలకి బిగించిన బేస్ పెట్టెల్ని చూసింది, నన్ను చూసింది.

"వీటిని ఇంత దూరం దూరంగా పెట్టిన మహానుభావుడెవరు?"

"నేనే. ఒకదాని సిగ్నల్ ఎక్కడ ఆగుతుందో సరిగ్గా అక్కడ రెండోది మొదలవుతుంది. ఒక మనిషికి రెండు దుప్పట్లు దండగ కదండీ?"

"దండగ కాదు సేట్ గారూ, అదే అసలు సంగతి. కోతి కొమ్మ మారడం చూశారా? కొత్త కొమ్మ చేతికి చిక్కందే పాతది వదలదు. నడుస్తూ మాట్లాడే ఫోనూ అంతే. రెండు సిగ్నళ్ళూ అందే చోటే మీరు ఉంచలేదు, అదింక చెయ్యి ఎక్కడ చాస్తుంది?"

అని పకపకా నవ్వింది. నాకు కోపం రావాలి. రాలేదు.

నిచ్చెన మోసే పని నాకు పడింది.

"మీరు అమ్మే ఈ ఫోన్ ఏం చేస్తుందో తెలుసా? మీ మాటని తరిగి, సెకనుకి వంద ముక్కలు పంపుతుంది. ఒక్కో ముక్కకీ పట్టేది రెప్పపాటులో ఎన్నో వంతో!"

"మిగతా టైమంతా ఖాళీయేనా?" వ్యాపారిని, ఖాళీ చూస్తే నాకు దిగులు.

"ఆ ఖాళీలో పక్క ఫోన్లు మాట్లాడుకుంటాయి, వంతులేసుకుని, ఒకదానికొకటి అడ్డం రాకుండా. మీ ఫోన్ ఈలోగా చెవులు రిక్కించి వింటుంది. ఏ ఛానెల్ ప్రశాంతంగా ఉంది, ఏ బేస్ గట్టిగా వినపడుతోంది అని. ఇక్కడ గోల ఎక్కువైతే చప్పుడు కాకుండా అక్కడికి మారిపోతుంది."

కారిడార్‌లో అలాగే నిలబడిపోయాను. మందుల వాసన, స్ట్రెచర్ చక్రాల చప్పుడు. ఆ గాలిలోనే ఎవరికో రక్తం కావాలన్న మాట, ఎవరికో పాప పుట్టిందన్న మాట, ముక్కలై వెళ్ళి మళ్ళీ మాటలై అతుక్కుంటున్నాయి. ఇన్నాళ్ళూ వీటిని డబ్బాలనుకుని అమ్మాను. ఒళ్ళు జలదరించింది.

పక్కన ఆమె స్క్రూ పళ్ళ మధ్య పెట్టుకుని గోడకి డ్రిల్ వేస్తోంది. ఆ జలదరింపులో ఫోన్ వాటా ఎంతో, ఆమె వాటా ఎంతో తేల్చలేకపోయాను.

"ఇవాళ్టితో పని అయిపోతుంది," అంది ఒక పొద్దున. "తర్వాత వేరే ఊళ్ళో టవర్ల పని. ఏడాది."

వెళ్ళేలోపు చెప్పాలి. బేరాల్లో ఆగని నోరు ఆమె ముందు పెగల్లేదు.

సాయంత్రం పరీక్ష. "నేను కింద డెస్క్ దగ్గర వింటాను. మీరు పైదాకా నడుస్తూ ఆపకుండా మాట్లాడండి."

"ఏం మాట్లాడాలి?"

"మీకు నేను మాటలు నేర్పాలా!"

ఛార్జర్ల గురించి, బ్యాటరీల గురించి వాగుతూ నడిచాను. మెట్ల మలుపు వచ్చింది. అక్కడి బేస్ అన్నిటికంటే చివర బిగిస్తానంది. అంటే ఇక్కడ ఫోన్ చస్తుంది. చచ్చిన ఫోన్‌తో చెప్పడానికి సిగ్గెందుకు? నోటికి అలవాటైనా అవుతుంది.

"మీరు వెళ్ళిపోతే ఇక్కడ ఫోన్లన్నీ పలుకుతాయి, నేనొక్కణ్ణే పలకను. మీరంటే నాకు ప్రాణం. నన్ను పెళ్ళి చేసుకోండి. హలో? కట్టయిందిగా? హమ్మయ్య!"

"కట్ అవలేదు బాబూ," అంది పెద్ద సిస్టర్ గొంతు. "స్పీకర్‌లో ఉంది."

వెనకే ఆమె గొంతు, మెల్లగా: "మీరు టీకి వెళ్ళినప్పుడే బిగించేశాను."

తలెత్తి చూస్తే మలుపు గోడ మీద కొత్త పెట్టె. నా మాట ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి చేతులు మారింది, నాకే తెలియలేదు.

"ఏమైనా... మధ్యలో పోయిందా?"

"ఒక్క అక్షరం పోలేదు. ఆ ఊరి పని ఒప్పుకున్నాను, వెళ్ళి తీరాలి. ఏడాది ఆగగలరా?"

"ఆగుతాను."

"అయితే కిందికి రండి. పిన్ని మా అమ్మకి ఫోన్ కలుపుతోంది."

దిగుతుంటేనే వినపడింది: "అక్కా, పిల్లాడు మాటకారి. డబ్బాలు పెట్టడం రాదు గానీ, అది మన పిల్లకి వచ్చుగా!"

ఆ ఆర్డరులో నాకు మిగిలిందేం లేదు. అదనపు బేస్‌ల ఖర్చంతా నా చేతి నుంచే. ఏడాది తిరిగాక వచ్చినవి: ఆమె, ఆమె నిచ్చెన, ఒక పిన్నత్తగారు. పోయింది ఒక్కటే, మా షాపులో ఏ పెట్టె ఎక్కడ పెట్టాలో చెప్పే అధికారం. చూసినవాళ్ళు దాన్ని నష్టమంటారు. వాళ్ళకి వ్యాపారం తెలీదు.