సమాధి మీద టోపీ

కారు ఉంది. మనిషి లేడు.

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకి, మెల్‌బోర్న్ ఊరి చివర, మా యూదుల శ్మశానం గేటు ముందు ఆ తెల్ల కారు కనిపించింది. తాళాలు కారులోనే ఉన్నాయి. ముందు సీట్లో ఫోను. దాని పక్కనే ఇన్సులిన్ సంచి.

జనవరి ఎండ. నలభై మూడు డిగ్రీలు. రాళ్ళ మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కేలా ఉంది.

డిటెక్టివ్ సార్జెంట్ డీనా వీస్ ఆ ఇన్సులిన్ సంచిని చూసింది. ఆ కారు మధ్యాహ్నం నుంచి ఆచూకీ లేని ఏవిగ్‌డర్ లిఖ్టిగ్‌ది. ఆయనకి డెబ్భై ఒకటి. షుగర్ మనిషి. నీళ్ళు లేకుండా ఈ ఎండలో పడిపోయి ఉంటే చీకటి పడేదాకా బతకడు.

"మేడమ్! ఇటు రండి!" కానిస్టేబుల్ అరిచాడు.

రోడ్డు పక్క కంచెని ఆనుకుని మొదటి వరస. అందులో ఒక సమాధి. రాతి మీద నల్ల టోపీ. గాలికి ఎగిరిపోకుండా అంచు మీద ఒక గులకరాయి.

రాతి మీద పేరు: హాదాస్ లిఖ్టిగ్. ఏవిగ్‌డర్ మొదటి భార్య. పోయి ఐదేళ్ళు.

"పాపం, పెళ్ళాంతో చెప్పుకోవడానికి వచ్చాడు మేడమ్. ఎండకి తల తిరిగి ఎటో వెళ్ళి పడిపోయుంటాడు," అన్నాడు కానిస్టేబుల్.

"వెతకండి. ప్రతి వరసా వెతకండి. అంబులెన్స్‌ని ఇక్కడే ఉంచండి."

ఆమె చుట్టూ చూసింది. ఐదేళ్ళ కిందట పోయినవాళ్ళంతా గుట్టకి అవతల, దూరంగా ఉన్నారు. ఈవిడ ఒక్కతే రోడ్డు పక్కన ఎందుకుంది? ఆ ప్రశ్న అప్పటికి బుర్రలో అలాగే ఉండిపోయింది. బతికున్న మనిషి కోసం వెతికేటప్పుడు చనిపోయినవాళ్ళ చోటు గురించి ఎవరు ఆలోచిస్తారు?

*

మా పేట కాల్‌ఫీల్డ్‌లో ఫ్రూమా ఇల్లు. మూడున్నర.

ముందుగదిలో నలుగురు ఆడవాళ్ళు. ఏసీ హోరుమంటోంది. అయినా అందరికీ చెమటలు పడుతున్నాయి. అది భయం చెమట.

ఫ్రూమాకి అరవై ఆరు. మొగుడు పోయి పదకొండేళ్ళు. ఆదివారం ఆమెకీ ఏవిగ్‌డర్‌కీ నిశ్చితార్థం. మా ఆచారం ప్రకారం పళ్ళెం పగలగొట్టి, తీపి తిని, అందరూ "మజల్ తోవ్" అని అరుస్తూ శుభం పలకాల్సిన రోజు. ఆమె చేతిరుమాలుని నలిపి నలిపి తాడులా చేసేసింది.

"ఆయన దొరికారా?"

"కారు దొరికిందమ్మా. శ్మశానం గేటు దగ్గర. వెతుకుతున్నారు."

  పక్కనున్న అక్క సివ్యా ఫ్రూమా భుజం పట్టుకుంది. సివ్యాకి అరవై తొమ్మిది. పెళ్ళి కాలేదు. చెల్లెలి మొగుడు పోయిన వారానికే వచ్చి ఈ ఇంట్లో చేరింది. అప్పటి నుంచీ వంటా, ఇల్లూ ఆమెవే.

"చివరిసారి ఆయన్ని చూసిందెవరు?" డీనా అడిగింది.

"నేనే," అంది సివ్యా. "పొద్దున్న పదింటికి వచ్చాడు. ఫ్రూమా బట్టలు కుట్టించుకోడానికి వెళ్ళింది. పెళ్ళికి ముందు హాదాస్ దగ్గరికి వెళ్ళి చెప్పుకుంటానన్నాడు. మళ్ళీ పెళ్ళి చేసుకునేవాళ్ళు చేసే పనేగా. మంచిదే అన్నాను. వెళ్ళిపోయాడు."

"ఎంతసేపున్నాడు?"

"నీళ్ళు తాగినంతసేపు."

"హాదాస్ మీకు తెలుసా?"

"బతికుండగా తెలీదు. పోయాక ఈ చేతులతోనే స్నానం చేయించాను. శవాలకి స్నానం చేయించే ఆడవాళ్ళలో నేనొకదాన్ని. గోతి దాకా వెళ్ళి వచ్చాను."

"ఫ్రూమా, మీరు ఎప్పుడొచ్చారు?"

"ఒంటిగంటకి. పన్నెండింటికి ఫోన్ చేస్తానన్నారు, చెయ్యలేదు. నేను చేస్తే ఎత్తలేదు. అక్క ఈ సంగతి చెప్పింది. ఎండ చూసి గుండె గుభేలుమంది. రెనాకి ఫోన్ చేశాను."

రెనా ఏవిగ్‌డర్ కూతురు. నలభై ఏళ్ళ మనిషి. మూల కుర్చీలో బిగుసుకుపోయి కూర్చుంది.

"నిన్న రాత్రి మీ నాన్నతో గొడవ పడ్డారట?"

"వీధంతా విన్నదేగా. నేను కాదంటే అబద్ధమవుతుంది."

"ఏమన్నారు?"

"ఈ వయసులో పెళ్ళికొడుకు వేషం ఏమిటి నాన్నా అన్నాను." ఆమె కుర్చీలో ముందుకి జరిగింది. "అదే ఆఖరి మాట అవుతుందేమోనని చచ్చిపోతున్నాను. ఇంకేమైనా అడగాలా?"

డీనా రాసుకోలేదు. 

నాలుగో ఆవిడ ఇంతసేపు నోరు మూసుకుని ఉండటమే వింత. హెండెల్ ఆంటీ. మా పేటకి పెళ్ళిళ్ళ పేరమ్మ. వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. హెండెల్ మాత్రం ఒక్క అబద్ధం ఆడకుండా మూడొందల పెళ్ళిళ్ళు చేశానని చెప్పుకుంటుంది. ఆ మాట నిజమో కాదో అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

*

వంటింట్లో హెండెల్ డీనా చెయ్యి పట్టుకుని ఒక పక్కకి లాగింది.

"అమ్మాయీ, నిజం చెప్పు. బతికే ఉన్నాడా?"

"తెలీదు ఆంటీ."

"ఇప్పటిదాకా ఒక్క సంబంధం కూడా ఇలా పాడవలేదే. నీకు నలభై ఎనిమిది కదూ? నీకోసం కూడా ఒకాయన్ని..."

"ఆంటీ! మనిషి చావుబతుకుల్లో ఉన్నాడు!"

"ఉన్నాడు కాబట్టే భయానికి వాగుతున్నాను. నోరు ఆగితే నాకు ఏడుపొస్తుంది."

 డీనా గొంతు తగ్గించింది.

"ఈ సంబంధం ఎలా కుదిరింది? ఆయనకి ఫ్రూమానే ఎందుకు చూశారు?"

"ఇంకెవర్ని చూడను? నా దగ్గర ఆ వయసు వాళ్ళు ఆరుగురున్నారు. ఐదుగురు విడాకులు తీసుకున్నవాళ్ళు. ఆయనకి పనికిరారు. మిగిలింది విధవరాలు ఈవిడొక్కతే."

"ఎందుకు పనికిరారు?"

"అయ్యో పిల్లా, పోలీసు ఉద్యోగంలో పడి మన సంగతులే మర్చిపోయావా? ఆయన కోహెన్."



కోహెన్ అంటే యాజకుల వంశం. విడాకులు పొందిన స్త్రీని చేసుకోడు. శవమున్న కప్పు కింద నిలబడడు. కన్నవాళ్ళనీ, కట్టుకున్నదాన్నీ మట్టి చేసే రోజు తప్ప, శ్మశానం గేటు దాటి సమాధుల మధ్య అడుగు పెట్టడు. ఆ రోజు దాటాక సొంత భార్య సమాధి దగ్గరికి కూడా వెళ్ళడు. కావాలంటే రోడ్డు మీద నిలబడి కంచె అవతల నుంచి చూసుకుంటాడు.

అందుకే హాదాస్ మొదటి వరసలో ఉంది. ఆయన రోడ్డు మీద నుంచి చూసుకోవడానికి ఆ చోటు అడిగి తీసుకున్నారు.

"కారు గేటు ముందు దొరికిందన్నావుగా," హెండెల్ అంటోంది. "బయట నిలబడి దణ్ణం పెట్టుకుని ఉంటాడు. మరి ఎటు పోయినట్టు?"

టోపీ సంగతి డీనా ఇంతవరకు ఈ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కంచె దాటని మనిషి టోపీని సమాధి మీద ఇంకెవరో పెట్టారు. అక్కడ ముప్పై మంది సమాధుల మధ్య వెతుకుతున్నారు. ఆయన అసలు అక్కడికి వెళ్ళనే లేదు.

ఫోన్ తీసి గబగబా రెండు ముక్కలు చెప్పింది. "వెతకడం ఆపండి. ఆయన ఆఖరిసారి కనిపించింది ఈ ఇంట్లోనే, అంబులెన్స్‌ని ఇక్కడికి పంపండి."

*

ముందుగదిలోకి వచ్చి, కవర్లో ఉన్న టోపీని బల్ల మీద పెట్టింది.

"ఇది ఆయనదేనా?"

"ఆయనదే," అంది ఫ్రూమా. "ఎక్కడ దొరికింది?"

"హాదాస్ సమాధి మీద. పైన గులకరాయి పెట్టి ఉంది."



"అబద్ధం!" రెనా లేచి నిలబడింది. "మా నాన్న లోపల అడుగు పెట్టడు!"

"ఆయన వెళ్ళరు," అంది ఫ్రూమా. "వెళ్ళలేరు."

"కోహెన్ వెళ్ళి సమాధి మీద రాయి పెట్టడమేమిటే?" హెండెల్ గుమ్మంలో గుండెలు బాదుకుంది.

 సివ్యా ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూసింది.

"కోహెనా?" అంది చివరికి, చాలా మెల్లగా. "నాకు చెప్పలేదే."

డీనా ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది.

"కన్నకూతురికి తెలుసు. సంబంధం తెచ్చినావిడకి తెలుసు. పెళ్ళికూతురికి తెలుసు. వీళ్ళలో ఎవరైనా సరే, ఆ టోపీ అక్కడ మాత్రం పెట్టరు. పెడితే ఎవరూ నమ్మరని వాళ్ళకి తెలుసు. మళ్ళీ పెళ్ళికి ముందు సమాధి దగ్గరికి వెళ్ళే ఆచారం తెలిసి, ఆ సమాధి చోటు తెలిసి, ఆయన వంశం మాత్రం తెలియనివాళ్ళు పెట్టారు. మగవాడు కోహెన్ అయితే అతని రాతి మీద రెండు చేతులు చెక్కుతారు. భార్య రాతి మీద ఆ గుర్తు ఉండదు. మీరు గోతి దాకా వెళ్ళొచ్చినా మీకు తెలిసే దారి లేదు."

"నేనెందుకు..."

"సివ్యా, టైము లేదు. ఎక్కడున్నాడు?"

  సివ్యా కళ్ళు పెరటి కిటికీ వైపు వెళ్ళి, గతుక్కుమని వెనక్కి వచ్చాయి.

పెరట్లో రేకుల గరాజు ఉంది. పండక్కి వేసే పందిరి చెక్కలన్నీ అందులోనే. దాని గోడకే ఏసీ డబ్బా, చెవులు చిల్లులు పడేలా మోగుతోంది.

"అక్క ఎప్పుడూ ఏసీ వెయ్యనివ్వదు," ఫ్రూమా గొంతు పీలగా వచ్చింది. "ఇవాళ తనే వేసింది."

డీనా అప్పటికే పరిగెత్తింది.

గడియ కాలిపోతోంది. చేతికి గుడ్డ చుట్టుకుని లాగింది. తలుపు తెరవగానే పొయ్యి మూత తీసినట్టు వేడి మొహాన కొట్టింది. చెక్కల మధ్య ఏవిగ్‌డర్ పక్కకి ఒరిగి పడి ఉన్నాడు. పెదవులు నల్లబడ్డాయి. కళ్ళు మూసే ఉన్నాయి.

"నాన్నా!" రెనా అరుపుకి పక్కింటి కుక్క మొరిగింది.

డీనా నాడి కోసం ఆయన మెడ మీద వేళ్ళు పెట్టింది. దొరకలేదు. మళ్ళీ పెట్టింది.  మూడోసారి, చాలా సన్నగా, వేలి కింద ఏదో కొట్టుకుంది.

"ఉన్నాడు! నీళ్ళు! ఐసు! తడిగుడ్డలు! త్వరగా!"

*

అంబులెన్స్ వెళ్ళిపోయింది. రెనా తండ్రితో వెళ్ళింది. బతుకుతాడనే అన్నారు అంబులెన్స్ వాళ్ళు, ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమన్నారు.

సివ్యా పెరటి మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన కానిస్టేబుల్.

"పందిరి చెక్కలకి చెద పట్టింది చూడమని తీసుకెళ్ళాను," అంది. ఎవరూ అడగకముందే. "మాట్లాడదామనే. టోపీ, తాళాలు వంటింటి బల్ల మీద పెట్టి వచ్చాడు. పెళ్ళయ్యాక సిడ్నీ వెళ్ళిపోతాం, అక్కడ కొడుకు ఉన్నాడు అన్నాడు. నవ్వుతూ అన్నాడు. నేను బయటికొచ్చి గడియ పెట్టేశాను. పెట్టాక తియ్యడానికి భయమేసింది. తీస్తే అందరికీ చెప్తాడుగా? ఆయన కారులోనే వెళ్ళి టోపీ సమాధి మీద పెట్టి, కారు అక్కడ వదిలేసి టాక్సీలో వచ్చాను. వచ్చేసరికి ఇంకా తలుపు కొడుతున్నాడు. తర్వాత కొట్టడం ఆపేశాడు."

"ఆపేశాక కూడా తియ్యలేదా?" డీనా అడిగింది.

 సివ్యా గుమ్మంలో నిలబడ్డ హెండెల్ వైపు చూసింది.

"ఈ సంబంధం కోసం నువ్వు మొదటిసారి ఈ ఇంటికొచ్చినప్పుడు తలుపు తీసింది నేను, హెండెల్. ‘ఫ్రూమా ఉందా?’ అన్నావు. నా ఒంటి మీద ఇస్త్రీ చేసిన తెల్ల జాకెట్టు ఉంది. నేనూ పెళ్ళి కానిదాన్నే కదా? నలభై ఏళ్ళలో ఒక్కసారైనా నా గురించి అడిగావా?"

 హెండెల్ తల వంచుకుంది.

"సాయంత్రానికి తీసేసేదాన్ని," అంది సివ్యా, చెల్లెలి వైపు తిరిగి. "ఒట్టు ఫ్రూమా. దీపాలు పెట్టే వేళకి తీసేసేదాన్ని. నన్ను నమ్ము."

ఫ్రూమా తల ఊపింది. నమ్మినట్టే ఉంది. మనసు నమ్మాలనే అనుకుంటుంది కదా, పదకొండేళ్ళు ఆ చేతి వంట తిన్నాక. పోలీసు కారు కదిలేవరకు అక్క వైపే చూస్తూ నిలబడింది.

తర్వాత డీనాతో అంది, "ఆసుపత్రికి నన్ను దింపుతావా? పొద్దుగుంకి విశ్రాంతి దినం మొదలైతే నేను కారెక్కను. నాలుగు బట్టలు తెచ్చుకుంటాను. లోపలికి ఒక్కదాన్నే వెళ్ళలేను. నువ్వూ రా."

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. భోజనాల గదిలో ఫ్రూమా ఆగిపోయింది.

బల్ల మీద తెల్ల దుప్పటి. విశ్రాంతి దినపు రొట్టెల మీద కుట్టుపని చేసిన గుడ్డ. వెండి గ్లాసు. పళ్ళాలు.

"ఈ బల్ల ఎప్పుడు సర్దారు?" డీనా అడిగింది.

"నేను ఒంటిగంటకి వచ్చేసరికే సర్ది ఉంది. అప్పటికి ఆయన కనపడటం లేదని నాక్కూడా తెలీదు." ఫ్రూమా కుర్చీ వీపు పట్టుకుంది. "ఇవాళ రాత్రి ఆయన ఇక్కడే భోజనం చెయ్యాలి. అక్కే పిలిచింది. చేప కూడా ముగ్గురికని తెప్పించింది."

డీనా బల్ల వైపు చూసింది. 

రెండే పళ్ళాలున్నాయి.

 ఫ్రూమా ఏడవలేదు. మెల్లగా వెనక్కి నడిచి, గోడ తగిలేదాకా నడిచి, డీనా చెయ్యి పట్టుకుంది. 

"బట్టలు వద్దు," అంది. "పద. నాకు ఈ ఇంట్లో భయమేస్తోంది."